పాత బండి వెళ్ళే దారి

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత మెకానికల్ ఫోర్‌మన్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ఆరోగ్యం గురించి డాక్టరు గారు చెబుతారు, పింఛను గురించి నేను చెబుతాను, మీరు మాత్రం జనం నిద్రపోకుండా ఏదైనా చెప్పండి" అన్నారు. భోజనానికి ముందు ప్రసంగం కనుక నిద్ర భయం లేదు, ఆకలి భయమే ఉంది. త్వరగా ముగిస్తానని ముందే మాట ఇస్తున్నాను.

రిటైరైన వాళ్ళు సాధారణంగా తీర్థయాత్రలకు వెళతారు. 2024 నవంబరులో మేము నలుగురం పాత ఇనుము కొట్ల యాత్రకు వెళ్ళాం. మా ఇంటావిడ, "కాశీ రామేశ్వరం తిరగాల్సిన వయసులో తుక్కు కొట్లు తిరుగుతారా?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ మాకూ ఒక కారణం ఉంది. మన ఉపాధ్యక్షులు గారు, అంటే మన పాత డిపో మేనేజరు గారు, ఇదిగో ముందు వరుసలోనే కూర్చున్నారు, ఆయనకు 1991 మోడల్ అంబాసిడర్ కారు ఒకటి ఉంది. దాని స్టీరింగులో ప్లే ఎక్కువై షెడ్డులో పెట్టేశారు. డ్రైవరు వైపు తలుపు అద్దం ఎక్కదు, దిగదు. వెనక దీపం పగిలిపోయింది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇక సామాను ఎక్కడ దొరుకుతుంది? "బెజవాడలో వెతుకుదాం, లేకపోతే చెన్నై పుదుపేట ఉండనే ఉంది" అన్నాన్నేను.

బయలుదేరిన వాళ్ళం డి.ఎం. గారు, నేను, ఒక డ్రైవరు మిత్రుడు, ఒక కండక్టరు మిత్రుడు. డ్రైవరు మిత్రుడి అబ్బాయి కారు తీసుకున్నాం. అంటే పూర్తి సిబ్బందితో సర్వీసు బయలుదేరినట్టే. కండక్టరు మిత్రుడు అలవాటు పోక ఒక కాగితం మీద గీతలు గీసి, టోలు ఎంత, టీ ఎంత, డీజిలు ఎంత అని ఎస్.ఆర్. రాసినట్టే రాసుకొచ్చాడు. తిరిగి వచ్చాక లెక్క పైసాతో సహా సరిపోయింది.

మొదట బెజవాడ ఆటోనగర్ సంగతి. మనకు అది కొత్త కాదు. 1960లలో మెకానిక్ షెడ్లను ఒకచోటికి చేర్చి ఏర్పాటు చేసిన నగర్ అది. ఆసియాలోనే పెద్దదని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. దాని పేరు మీద 2014లో 'ఆటోనగర్ సూర్య' అనే సినిమా కూడా వచ్చింది. లారీ బాడీ కట్టేవాళ్ళు, లేతు పనివాళ్ళు, కమాన్లు కట్టేవాళ్ళు, రేడియేటరు అతుకులు వేసేవాళ్ళు, అంతా అక్కడే. నేను ఉద్యోగంలో ఉండగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అయితే అప్పుడెప్పుడూ బండి బాగుచేసే వైపే చూశాను. బండి విప్పే వైపు తీరిగ్గా నిలబడి చూడటం ఇదే మొదలు.

ఒక షెడ్డులో పాత పది చక్రాల లారీని విప్పుతున్నారు. మనుషులు అయిదుగురే. పొద్దున్న తొమ్మిదింటికి మేము వెళ్ళేసరికి క్యాబిను దిగిపోయింది. మధ్యాహ్నానికి ఇంజను, గేర్‌బాక్సు, రేడియేటరు, డీజిలు ట్యాంకు ఒక్కొక్కటే పక్కకు వచ్చాయి. తరవాత ఇరుసులు, కమాను కట్టలు. చివరికి ఛాసిస్ పట్టాలను గ్యాస్ కటింగుతో ముక్కలు చేశారు. అక్కడ దేన్నీ గిరాటు వెయ్యరు. రాగి తీగ ఒక కుప్ప, అల్యూమినియం ఒక కుప్ప, పోత ఇనుము ఒకటి, రేకు ఒకటి. పనికొచ్చే సామాను వేరు, కరిగించడానికి పోయే ఇనుము వేరు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత లారీకి కూడా వర్తిస్తుందని డి.ఎం. గారు అన్నారు.

అక్కడ డి.ఎం. గారి కారుకు వెనక దీపం దొరికింది. మిగతా రెండూ దొరకలేదు. "పాత అంబాసిడర్ కావాలంటే పుదుపేట వెళ్ళండి బాబాయ్" అని షెడ్డు కుర్రాడే దారి చూపించాడు.

మర్నాడు తెల్లవారుజామున బయలుదేరాం. పాత అయిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు దాని నంబరు పదహారు. చెన్నైకి సుమారు 450 కిలోమీటర్లు. చిలకలూరిపేట, ఒంగోలు, కావలి, నెల్లూరు, ఒక్కొక్క ఊరు రాగానే డ్రైవరు మిత్రుడు పాత బస్టాండు ఎక్కడ ఉండేదో, ఏ హోటల్లో భోజనం బాగుండేదో చెబుతూనే ఉన్నాడు.

కావలి దాటాక టీ తాగడానికి ఆగినచోట రోడ్డు పక్కన ఒక ఎడ్లబండి నిలబడి ఉంది. టైరు బండి. మీరంతా చూసిందే. చెక్క చక్రాలు పోయి పాత మోటారు బండి ఇరుసూ, దాని చక్రాలూ ఎడ్లబండికి వచ్చి చాలా కాలమైంది. మన పల్లెల్లో కమ్మరి కొలిమికి వెళితే అక్కడా మోటారు బండే కనిపిస్తుంది. కొడవలి, గొడ్డలి, కత్తి చెయ్యడానికి కమ్మరికి లారీ కమాను పట్టీని మించింది లేదు. అది మంచి ఉక్కు, పదును నిలుస్తుంది. పాత టైరుతో చెప్పులు కుట్టారు. అంటే పాత బండి సామానును తిరిగి వాడటం మనకు ఎవరో కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. పేదరికం నేర్పింది, పొదుపు నేర్పింది.

ఆర్టీసీలో మనం చేసిందీ అదే కదా. ఇంజను అరిగిపోతే బస్సును పారేశామా? ఇంజను దించి జోనల్ వర్క్‌షాపుకు పంపి, బాగుచేసి వచ్చిన ఇంకో ఇంజను ఎక్కించి, బస్సును మళ్ళీ రూటుకు పంపాం. టైరు అరిగితే రీట్రెడ్ చేయించాం. కానీ రీట్రెడ్ టైరును ముందు చక్రాలకు వేశామా? వెయ్యలేదు. ముందు చక్రాలకు కొత్త టైరే వెయ్యాలి, రీట్రెడ్ వెనకకే. ఏ టైరు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రికార్డు ఉండేది. ఏ ఇంజను ఏ బస్సులో ఎంతకాలం ఉందో కాగితం ఉండేది. ఈ రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి. పాత వస్తువును ఎక్కడ వాడవచ్చు, ఎక్కడ వాడకూడదు అన్నది ఒకటి. ఆ వస్తువు పూర్వాపరాలు ఏమిటన్నది రెండవది. నేను ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఈ రెంటిలోనే ఉంది.

పుదుపేట ఎగ్మోరు స్టేషనుకు దగ్గర, కూవం నది ఒడ్డున ఉంటుంది. కారు లోపలికి పోదు, దూరంగా ఆపుకుని నడవాలి. "బండి తాళం వేశారా? లేకపోతే మన సామాను మనకే అమ్ముతారట" అన్నాడు కండక్టరు మిత్రుడు. ఈ జోకు దేశంలో ప్రతి పాత సామాన్ల బజారు గురించీ చెబుతారు.

ఇరుకు సందు. రెండు వైపులా కొట్లు. ఒక కొట్లో తలుపులే, పుస్తకాల బీరువాలో పుస్తకాల్లాగా నిలబెట్టి ఉన్నాయి. ఒక దాంట్లో అన్నీ స్టీరింగు చక్రాలు. ఒక దాంట్లో హెడ్‌లైట్లు. ఇంకో దాంట్లో సీట్లు పైకప్పు దాకా పేర్చారు. సందు మధ్యలోనే ఒక కారును విప్పుతుంటే మేము ఒక కొట్టు ముందు నిలబడి టీ తాగి, బేరమాడి వచ్చేసరికి దానికి తలుపులూ బానెట్టూ లేవు. పానా తిప్పే వేగం చూసి నాకు ముచ్చటేసింది. నా కింద అటువంటి మెకానిక్కులు నలుగురుంటే డిపోలో ఒక్క బస్సు కూడా ఆగేది కాదు.

మేము వెళ్ళిన కొట్టు యజమాని డెబ్భై దాటిన పెద్దమనిషి. మా మాట విని, "వాంగ సార్, రండి, కూర్చోండి" అని తెలుగులోకి దిగాడు. నెల్లూరు లారీలతో వ్యాపారం చేసి నేర్చుకున్నాడట. డి.ఎం. గారు అద్దం తిప్పే యంత్రం కావాలన్నారు. ఆయన లేవకుండానే లోపలి కుర్రాడికి అరలో ఎక్కడుందో చెప్పాడు. కుర్రాడు తెచ్చాడు. పెద్దాయన దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇది మీ మోడల్‌ది కాదు, ముందుది. అయినా సరిపోతుంది, ఈ రెండు రంధ్రాలు చూడండి" అన్నాడు. కొలిచి చూస్తే నిజమే.

అమెరికాలో ఏ బండి భాగం ఏ బండికి సరిపోతుందో చెప్పడానికి హాలండర్ అనే కంపెనీ 1934 నుంచి పుస్తకాలు వేస్తూ వచ్చింది. పాత సామాన్ల వ్యాపారులకు అది పంచాంగం లాంటిది. పుదుపేటలో ఆ పుస్తకం మనుషుల తలల్లో ఉంది. మన స్టోర్సు వాళ్ళకు ఈ మాట బాగా అర్థమవుతుంది. బిన్ కార్డు లేకుండా స్టోరు నడపడం ఎంత కష్టమో వాళ్ళకే తెలుసు.

అద్దం యంత్రానికి మూడు వందలు అడిగాడు. కండక్టరు మిత్రుడు రంగంలోకి దిగి నూట ఎనభైకి తెచ్చాడు. తరవాత స్టీరింగ్ ర్యాక్ అడిగాం. ఉందన్నాడు. తెచ్చి చూపించాడు. పైకి బాగానే ఉంది. గ్రీజు రాసి, శుభ్రంగా తుడిచి పెట్టారు. కొత్తదాని ధరలో మూడోవంతు.

డి.ఎం. గారు నా వైపు చూశారు. నేను పెద్దాయన్ని అడిగాను, "ఇది ఏ బండిలోంచి తీశారు? ఆ బండి ఎందుకు తుక్కుకు వచ్చింది?" అని. ఆయన నిజాయితీగల మనిషి. కాసేపు ఊరుకుని, "తెలియదు సార్. వేలంలో లాటుగా వచ్చింది. గుద్దుకున్న బండి అయి ఉండవచ్చు, కాకపోవచ్చు" అన్నాడు.

గుద్దుకున్న బండి స్టీరింగు భాగంలో వెంట్రుక మందం పగులుంటే కంటికి కనబడదు. వర్క్‌షాపులో అయితే పరీక్ష చేసే సాధనాలు ఉంటాయి, సందులో ఉండవు. అద్దం యంత్రం చెడితే అద్దం దిగదు, అంతే. స్టీరింగు విరిగితే కారులో ఉన్నవాళ్ళు, ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా పోతారు. "అయ్యా, ఇది మాకొద్దు" అని చెప్పాను. పెద్దాయన నొచ్చుకోలేదు. "నా మనవడు నడిపే బండికైతే నేనూ వెయ్యను సార్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంది. మరి దాన్ని ఎవరి మనవడి బండికి వేస్తారు? ఎవరో ఒకరు కొంటారు కదా. ఆ సాయంత్రం జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్ళి, రెండు గంటలు తిరిగి, కొత్త ర్యాక్ బిల్లుతో సహా కొన్నాం. డి.ఎం. గారి జేబు తేలికైంది. మా గుండె కూడా తేలికైంది.

నేను ఇంటికి వచ్చాక మా వాళ్ళకు ఒక పట్టిక చెప్పాను, మీకూ చెబుతాను. తలుపు, బానెట్టు, సీటు, అద్దం, దీపం, మీటరు, హారను, ఇవి పాతవి కొనుక్కోండి, తప్పులేదు. ఇంజను, గేర్‌బాక్సు, నమ్మకమైన మెకానిక్కు విప్పి చూశాకే కొనండి. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు మాత్రం పాతవి వద్దు. ప్రాణం ఆధారపడ్డ చోట పూర్వాపరాలు తెలియని వస్తువును పెట్టకూడదు.

రెండోరోజు చెన్నై పొలిమేరలో ఒక నమోదిత తుక్కు కేంద్రాన్ని చూశాం. కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో ఇటువంటి కేంద్రాలకు నియమావళి తెచ్చింది. అక్కడికి బండి రాగానే ముందు కాగితాలు చూస్తారు. ఆర్.సి. ఎవరి పేర ఉంది, అది దొంగ బండి కాదు కదా అని రికార్డులతో సరిచూస్తారు. యజమానికి డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తరవాత పని మొదలు. మొదట బ్యాటరీ తీసేస్తారు. డీజిలు, ఇంజను ఆయిలు, బ్రేకు ఆయిలు, రేడియేటరు నీళ్ళు, వేటికవి వేరు వేరు డబ్బాల్లోకి వంపుతారు. ఏసీ గ్యాసును గాలిలోకి వదలకుండా యంత్రంతో లాగేస్తారు. ఎయిర్‌బ్యాగు పేలే సామాను కనుక దాన్ని జాగ్రత్తగా పనికిరాకుండా చేస్తారు. ఇవన్నీ అయ్యాకే విప్పడం. ఛాసిస్ నంబరున్న ముక్కను కోసి ఆరు నెలలు భద్రంగా దాచాలి. చివరికి మిగిలిన గుల్లను యంత్రంలో పెట్టి నొక్కితే కారు ఒక ఇనప దిమ్మ అయిపోయింది. మా డ్రైవరు మిత్రుడు ఆ దృశ్యం చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

నేల మీద ఒక్క చుక్క నూనె లేదు. పనివాళ్ళకు బూట్లు, చేతి తొడుగులు, కళ్ళజోళ్ళు ఉన్నాయి. ముందురోజు సందులో చూసిన కుర్రాళ్ళు రబ్బరు చెప్పులతో గ్యాస్ కటింగు చేస్తున్నారు. నూనె కాలువలోకి, కాలువ నదిలోకి. బ్యాటరీలోని సీసం, యాసిడ్ ఎంత చెడ్డవో మన బ్యాటరీ సెక్షను వాళ్ళను అడగండి.

పూర్వాపరాలు తెలియని తుక్కు ఎంత పని చేస్తుందో 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో తెలిసింది. అది కూడా పాత బండ్ల తుక్కుకు పేరుపడ్డ బజారే. ఒక విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో వాడకం లేక పడి ఉన్న యంత్రం వేలంలో ఆ బజారుకు చేరింది. దాని లోపల కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. విప్పిన వాళ్ళకు ఆ సంగతి తెలియదు. కొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు, ఒక కార్మికుడు చనిపోయాడు. అతను చేసింది రోజూ చేసే పనే, ఇనుము విప్పడం. యంత్రంతోపాటు దాని పూర్వాపరాలు చెప్పే కాగితం ఒకటి వచ్చి ఉంటే అతను బతికేవాడు.

అయితే సోదరులారా, ఇంతటితో పుదుపేటది తప్పు, నమోదిత కేంద్రానిది ఒప్పు అని నేను తీర్పు చెప్పను. మేము చూసిన కేంద్రంలో ఆ గుల్లతోపాటు రెండు మంచి తలుపులు కూడా నలిగిపోయాయి. పుదుపేట పెద్దాయన అయితే వాటిని విప్పి, తుడిచి, పదేళ్ళయినా దాచి, కావలసినవాడికి ఇచ్చేవాడు. ఒక మంచి తలుపును కరిగించి మళ్ళీ తలుపు చెయ్యడం కంటే తలుపును తలుపుగా వాడుకోవడమే లాభం. ఆయన్ని అడిగాను, "ఈ కేంద్రాలు వస్తే మీ వ్యాపారం ఏమవుతుంది?" అని. "మా నాన్న గుర్రబ్బండి సామాను అమ్మాడు, నేను కారు సామాను అమ్మాను. నా కొడుకు ఏం అమ్ముతాడో తెలియదు" అన్నాడు.

ఆ వృత్తిలో దొంగ సరుకు లేదని కూడా అనలేం. మీరట్‌లో సోతిగంజ్ అనే బజారు ఉండేది. దొంగిలించిన బండ్లను విప్పి అమ్ముతున్నారన్న ఆరోపణల మీద 2021 డిసెంబరులో పోలీసులు ఆ బజారును మూయించారు. అక్కడ నిజాయితీగా బతికినవాళ్ళూ ఉండే ఉంటారు. రికార్డు లేనిచోట దొంగ సరుకును, దొర సరుకును విడదీసి చూపించడం ఎవరివల్లా కాదు. కనుక నా మనవి ఒకటే. ఈ చేతులను పక్కకు నెట్టకుండా, వాళ్ళకు శిక్షణ ఇచ్చి, లైసెన్సు ఇచ్చి, రికార్డు రాయడం నేర్పి ఆ కేంద్రాల్లోకి తీసుకోవాలి. బండిని తుక్కు చెయ్యవచ్చు గాని, నైపుణ్యాన్ని తుక్కు చెయ్యకూడదు.

తిరుగు ప్రయాణంలో గుమ్మిడిపూండి దగ్గర ఆగాం. కండక్టరు మిత్రుడి మేనల్లుడు అక్కడ ఒక ఉక్కు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. వాళ్ళు తుక్కును కరెంటు కొలిమిలో కరిగించి ఇళ్ళు కట్టే కడ్డీలు చేస్తారు. దూరంనుంచే చూడనిచ్చారు. నిన్నటి దిమ్మలాంటి దిమ్మలు కొలిమిలో పడి ఎర్రటి నీళ్ళయిపోతున్నాయి. ఉక్కుకు ఒక గొప్ప గుణం ఉంది. ఎన్నిసార్లు కరిగించినా సరిగ్గా శుద్ధి చేస్తే మళ్ళీ ఉక్కే. 2019లో కేంద్ర ఉక్కు శాఖ ప్రకటించిన తుక్కు విధానంలో ఒక లెక్క ఇచ్చారు. ఒక టన్ను తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి మిగులుతాయట. అంటే మన షెడ్డులో తుప్పుపడుతున్న పాత కారు ఒక చిన్న గని. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నిబంధనలు, కాలం చెల్లిన బండ్ల తుక్కు సక్రమంగా జరిగేలా చూసే బాధ్యతను బండ్లు తయారుచేసే కంపెనీల మీద కూడా పెట్టాయి. మంచి మార్పే.

ఇక మన ఇళ్ళ సంగతికి వస్తాను. ఇది ముఖ్యంగా సోదరీమణులు, పిల్లలు వినాలి.

మనతో పనిచేసిన ఒక మిత్రుడు పోయి కొన్నేళ్ళయింది. ఇంట్లో ఆయన స్కూటరు మూలపడి ఉంది. పాత ఇనుము కొనేవాడు ఇంటి ముందుకు వస్తే ఆయన భార్య తూకానికి అమ్మేసింది. కాగితం రాయించుకోలేదు. నంబరు ప్లేటు కూడా తీయలేదు. ఏడాదిన్నర తరవాత పోలీసులు ఇంటికి వచ్చారు. ఆ నంబరు ప్లేటుతో ఇంకో బండి తిరుగుతూ ఒక మనిషిని గుద్ది పారిపోయిందట. రికార్డులో ఉన్న పేరు మన మిత్రుడిది. ఆ తల్లి మరణ ధ్రువపత్రం పట్టుకుని నెలల తరబడి తిరిగింది. చివరికి బయటపడింది గాని, ఆ వయసులో ఆ తిరుగుడు ఎవరికీ రాకూడదు.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. ఆర్.సి. ఎవరి పేర ఉందో వాళ్ళే చట్టం దృష్టిలో యజమాని. బండి అమ్మేశాం అని నోటితో చెప్పినా, పేరు మారనంతవరకు ప్రమాదం జరిగితే బాధ్యత ఆ పేరున్న మనిషిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక నడిచే బండిని అమ్మితే 29, 30 నంబరు ఫారాలు నింపి, పేరు మారిందని కళ్ళారా చూసేదాకా వదలకండి. బండి ఇక ఎప్పటికీ పనికిరానిదైతే 14 రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా రవాణా కార్యాలయానికి తెలియజేసి ఆర్.సి. అప్పగించాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో 31వ నంబరు ఫారంతో పేరు మార్పించుకోవాలి.

తుక్కుకు ఇవ్వదలచుకుంటే నమోదిత కేంద్రానికి ఇవ్వండి. డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. తరవాత తుక్కు చేసినట్టు వచ్చే ధ్రువపత్రం కూడా అడిగి తీసుకుని దాచండి. ఆ డిపాజిట్ సర్టిఫికెట్ చూపించి కొత్త బండి కొంటే సొంత వాహనానికి రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చని కేంద్ర నిబంధన ఉంది. మన రవాణా కార్యాలయంలో ఎంత ఇస్తున్నారో అడిగి తెలుసుకోండి. ఇన్సూరెన్సు రద్దు చేయించండి. ఫాస్టాగ్ ఉంటే అదీ మూయించండి. ఇవన్నీ చెయ్యడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మనకు లేనిది డబ్బు గాని, తీరిక కాదు కదా.

మన బస్సుల సంగతి కూడా ఒక మాట. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు, రవాణా సంస్థల బస్సులతో సహా, రిజిస్ట్రేషన్ చెల్లదని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చింది. మనం నడిపిన, బాగుచేసిన, టిక్కెట్లు కొట్టిన బస్సులు ఈపాటికి కడ్డీలై ఎవరి ఇంటి శ్లాబులోనో ఉండి ఉంటాయి. విచారించవలసిన పని లేదు. కొన్ని బస్సులకు మధ్యలో ఇంకో వేషం కూడా దొరికింది. 2020లో కరోనా సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో ఇంద్ర బస్సులను 'సంజీవని' పేరుతో పరీక్షా కేంద్రాలుగా మార్చారు. ఒక్క బస్సును మాత్రం అలాగే దాచుకున్నారు. 1932లో నిజాం రాష్ట్రంలో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మన సంస్థకు నాంది పడింది. ఆ నాటి ఆల్బియన్ బస్సును హైదరాబాదు బస్ భవన్‌లో నిలబెట్టారు. పిల్లలను తీసుకెళ్ళి చూపించండి.

డి.ఎం. గారి కారు బాగుపడిందా అని మీరు అడుగుతారు. బాగుపడింది. ఫిట్‌నెస్ కూడా అయింది. ఈరోజు ఈ సభకు నలుగురం ఆ కారులోనే వచ్చాం. బయట చెట్టుకింద ఉంది. దాని డాష్‌బోర్డులో ఒక చిన్న పుస్తకం పెట్టించాను. ఏ భాగం ఎప్పుడు మార్చాం, పాతదా కొత్తదా, ఎక్కడ కొన్నాం, అన్నీ అందులో రాసి ఉన్నాయి. మీ ఇళ్ళలో ఉన్న ప్రతి బండికీ అటువంటి పుస్తకం ఒకటి పెట్టమని నా ప్రార్థన. రేపు ఆ బండి ఎవరి చేతికి వెళ్ళినా, ఎవరు విప్పినా, దాని పూర్వాపరాలు దానితోపాటే వెళతాయి.

మీలో ఎవరికైనా ఇంట్లో మూలపడ్డ బండి ఉంటే, దాని ఆర్.సి. పట్టుకుని నెల మొదటి ఆదివారం సంఘం కార్యాలయానికి రండి. నేనూ, కండక్టరు మిత్రుడూ కూర్చుని ఫారాలు నింపిపెడతాం. ముఖ్యంగా భర్త పోయిన అక్కయ్యలు, చెల్లెళ్ళు మొహమాటపడవద్దు. పిల్లలు దూరంగా ఉన్నారు, ఎవరిని అడగాలో తెలియదు అనుకోవద్దు. మేమున్నాం.

వంటశాల నుంచి సాంబారు వాసన వస్తోంది. ఇచ్చిన మాట ప్రకారం ముగిస్తున్నాను.